అంచులు కోసిన పుస్తకాల గది

యూనివర్సిటీ లైబ్రరీలో మెట్ల కింద ఒక గది ఉంది. చీకటి పడ్డాక దాని జోలికి వెళ్ళొద్దని కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెబుతారు. జీతం ఎప్పుడొస్తుందో చెప్పరు గానీ, ఇది మాత్రం తప్పకుండా చెబుతారు.

పగలు చూస్తే అందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఇనప అరలు, ఒక బల్ల, రెండు కుర్చీలు, వరసగా ఆకుపచ్చ అట్టల పుస్తకాలు. కానీ చదువుకునే పిల్లలు వెళ్ళిపోయి, పైన ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగిపోయి, ఆఖరి లైటు కూడా ఆరిపోయాక... అప్పుడు మొదలవుతుంది.

బర్... బర్... బర్...

కాగితం మీద పెన్సిలు నడుస్తున్న చప్పుడు.

మొదట విన్నది ఊడ్చే ఆవిడ. ఎలకేమో అనుకుని అరుస్తూ చీపురు తిరగేసి తలుపు మీద కొట్టిందట. చప్పుడు ఆగింది. చీపురు దించింది. మళ్ళీ మొదలైంది.

"ఎలకైతే పారిపోయేది. ఇది నా అరుపు అయ్యేదాకా ఆగి, తర్వాత తన పని తను చూసుకుంది. అచ్చం మా ఆయనలాగే," అని చెప్పి, ఆ రోజు నుంచి ఆవిడ ఆ గది ఊడవడం మానేసింది. అంతకుముందు మాత్రం రోజూ ఊడ్చేదా అని అడక్కండి.

వాచ్‌మన్‌కి దెయ్యాలంటే నమ్మకం లేదు. కాకపోతే మెట్ల దగ్గరుండే తన కుర్చీని తీసుకెళ్ళి గేటు దగ్గర వేసుకున్నాడు. అక్కడ గాలి బాగా వస్తుందట.

లోపల ఉన్నది ఏమిటో తెలీక అందరూ భయపడ్డారు. ఒక్క మనిషి మాత్రం, ఎవరో తెలిసి భయపడ్డాడు.

ఆయన లైబ్రేరియన్ గారు.

ఆ పుస్తకాలన్నీ ఒక పెద్దాయనవి. ఆ యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పి రిటైరైనవాడు. కాలంలో వెనక్కి వెళ్ళే యంత్రాలు, వేరే గ్రహాల మనుషులు, యజమాని మాట వినని మరమనుషులు... ఇలాంటి సైన్స్ ఫిక్షన్ నవలల మీదే జన్మంతా పరిశోధన చేశాడు. తోటి ప్రొఫెసర్లు వెనకాల "రాకెట్టు మాస్టారు" అనేవాళ్ళు. ముందర కూడా అనేవాళ్ళు. ఆయన పట్టించుకోలేదు, వాళ్ళు విసుగెత్తి మానేయనూ లేదు.

ఆయనకి ఒకటే జబ్బు. చేతిలో పెన్సిలు లేకుండా చదవలేడు, తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. హోటల్లో ధరల బోర్డు దిద్దాడు. పక్కింటివాళ్ళ పెళ్ళి కార్డు దిద్ది, పెళ్ళికి వెళ్ళి వాళ్ళకే ఇచ్చాడు. ఒకసారి ఆస్పత్రిలో మందుల చీటీ కూడా దిద్దాడట. డాక్టరు చూసి, "మీరు రాసిందే బాగుంది, ఇదే వాడండి," అన్నాడని చెప్పుకుంటారు.

నవలల అంచులైతే ఇక చెప్పక్కర్లేదు. పేజీకి నాలుగు పక్కలా చీమల బారుల్లా పెన్సిలు రాతలు. 'ఇలా జరగదు' అని ఒకచోట రాసుకుంటాడు. ఏళ్ళు గడిచాక దాని కిందే, 'జరిగింది. ఒప్పుకుంటున్నాను' అని రాస్తాడు. రాసినవాళ్ళతో వాదన, తనతో తనకి వాదన, మధ్యలో ఇంట్లో సంగతులు... ఒక బతుకంతా ఆ అంచుల్లోనే ఉంది.

చూపు మందగించాక ఆ పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేశాడు. ఇచ్చిన రోజు లైబ్రేరియన్ గారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కటే అడుగుతాను బాబూ. అంచులు జాగ్రత్త. మధ్యలో అచ్చయింది ఎక్కడైనా దొరుకుతుంది. అంచున ఉన్నది ఇంకెక్కడా లేదు."

"మీరు నిశ్చింతగా ఉండండి సార్. కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాను."

కళ్ళలో పెట్టుకున్న వస్తువు కంటికి కనిపిస్తుందా? కనిపించదు. అదే జరిగింది.

కొన్నాళ్ళకి పైనుంచి తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. లైబ్రేరియన్ గారు చెడ్డవాడు కాదు. కాకపోతే పైవాళ్ళు వస్తున్నారంటే ఆయనకి చూపు మారిపోతుంది. అప్పటిదాకా పుస్తకాల్లా కనిపించినవి, ఆ రోజు పళ్ళూడిన నోరులా కనిపించాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి అట్ట చిరిగింది, ఒకటి అట్టే లేనిది. పైగా మెత్త అట్ట పుస్తకం బైండింగు కాకుండా అరలోకి ఎక్కకూడదని లైబ్రరీలో ఒక పద్ధతి ఉంది. బైండింగు షాపు ఎవరిదంటే... ఆయన బావమరిదిదే. ఊళ్ళో వేరే బైండరు లేడని లైబ్రేరియన్ గారు చెబుతారు. ఉన్న ఇంకో బైండరు అలా చెప్పడు.

"అన్నిటికీ ఒకే రంగు అట్ట. అన్నీ ఒకే ఎత్తు. వరసలో నిలబెడితే గీత గీసినట్టుండాలి," అన్నారు లైబ్రేరియన్ గారు.

బావమరిది తల గోక్కున్నాడు. "అలాగైతే పొట్టిదాని కొలతకి పొడుగువాటిని కొయ్యాలి బావా. పొట్టిదాన్ని సాగదీయడం నాకు చేతకాదు."

"కొయ్యి."

ఒక్క మాట. చెయ్యి పట్టుకుని అడిగిన మనిషి ఆ నిమిషంలో ఆయనకి గుర్తు రాలేదు.

బృందం వచ్చింది. గుమ్మంలో నిలబడి అరలు చూసింది. "ఎంత పొందిగ్గా ఉందో!" అంది. ఒక్క పుస్తకం కూడా తెరవకుండా టీ తాగి వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళాక లైబ్రేరియన్ గారు ఒక పుస్తకం తెరిచారు. చదవడానికి కాదు, బైండింగు ఎలా కుదిరిందో చూడ్డానికి. మిషను కత్తి మూడు వైపులా చక్కగా, నున్నగా దిగింది. పెన్సిలు రాతల్లో ఒకచోట 'జరగ' అని మిగిలింది. జరగదన్నాడో, జరగాలన్నాడో... మిగతా మాట లేదు. ఇంకో పుస్తకం తెరిచారు. ఇంకోటి. అన్నీ అంతే.

తర్వాత పెద్దాయన ఫోన్ చేశాడు. "ఒకసారి వచ్చి నా పుస్తకాలు చూసుకోనా బాబూ?"

"సర్దుతున్నాం సార్. వచ్చే వారం రండి."

ఆ వచ్చే వారం ఎప్పుడూ వచ్చే వారంగానే ఉండిపోయింది. పెద్దాయన అడుగుతూనే ఉన్నాడు, ఈయన సర్దుతూనే ఉన్నాడు. ఆఖరికి ఒకరోజు పెద్దాయన పోయాడని తెలిసింది.

ఆ మాట వినగానే లైబ్రేరియన్ గారి లోపల ముందుగా లేచింది దుఃఖం కాదు. 'హమ్మయ్య' అన్న మాట.

నోటితో అనలేదు. ఎవరూ వినలేదు. కానీ తను విన్నాడు కదా. కోసిన అంచుల మాట ఎలా ఉన్నా, ఆ హమ్మయ్యే ఆయన్ని లోపలినుంచి తొలుస్తూ వచ్చింది.

మెట్ల కింది గదిలో పెన్సిలు చప్పుడు మొదలైంది ఆ వారంలోనే.

ఇంట్లో ఆయన భార్య ఆయన్ని కనిపెడుతూనే ఉంది. "ఏమండీ, తినకుండా కంచంలో ఆ గీతలేమిటి? మీ మొహం చూస్తే ఎవరిదో సొమ్ము మింగినట్టుంది. మింగితే మింగారు, నాతో చెబితే దాచిపెడతాను కదా!"

"ఏం లేదే."

"ఏం లేకపోతే ఇలా ఉండరు. మా తమ్ముడూ అంతే, తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు. సాయంత్రమైతే చాలు, ఇంట్లో ఉండడట. మీరిద్దరూ కలిసి ఏం వెలగబెట్టారో ఏమిటో!"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం, లైబ్రరీ మూసే వేళకి ఫోన్ వచ్చింది. అవతల ఆడగొంతు. పెద్దాయన కూతురు.

"రేపు పొద్దున్నే వస్తున్నానండీ. మీకు పని పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. నేను పుట్టిన రోజు నాన్న ఆస్పత్రి వరండాలో కూర్చుని ఏదో నవల చదువుతున్నాడట. నర్సు వచ్చి ఆడపిల్ల అని చెప్పగానే, చదువుతున్న పేజీ అంచునే ఏదో రాసుకున్నాడట. ఏం రాశావు నాన్నా అంటే, నేను పోయాక చదువుకో అనేవాడు. దారి తప్పిన అంతరిక్ష నౌక కథ అది. ఆ పుస్తకం మీ దగ్గరే ఉంది కదండీ?"

"ఉందమ్మా," అన్నారు లైబ్రేరియన్ గారు. అబద్ధం కాదు. పుస్తకం ఉంది.

ఫోన్ పెట్టారు. బయట చీకటి పడింది. ఆ ఒక్క పుస్తకమైనా తప్పించుకుని ఉంటుందా? పొట్టి పుస్తకమైతే? కత్తి అంత లోపలికి దిగకపోతే? వెళ్ళి చూడాలి. ఇప్పుడే చూడాలి. రేపు ఆ అమ్మాయి పక్కన నిలబడి చూసే ధైర్యం లేదు.

వాచ్‌మన్ని పిలిచారు. "టార్చి తీసుకుని నాతో రా."

"నేనొస్తే గేటు ఎవరు చూస్తారు సార్?"

"గేటుకేమవుతుందయ్యా?"

"అదే కదా సార్, ఏమవుతుందో తెలీదు." టార్చి మాత్రం చేతికిచ్చాడు. "అవసరమైతే గట్టిగా కేకెయ్యండి సార్. వినిపిస్తే... చూద్దాం."

లైబ్రేరియన్ గారు మెట్ల వైపు నడిచారు. సొంత లైబ్రరీలో దొంగలా నడిచారు. పగలు ఎవరైనా అడుగు చప్పుడు చేస్తే కసిరే మనిషి, ఆ రాత్రి తన అడుగు తనకే గట్టిగా వినిపించి ఆగిపోయాడు.

అప్పుడు వినిపించింది.

బర్... బర్... బర్...

మెట్ల కింది గది తలుపు దగ్గరగా వేసి ఉంది. కింది సందులోంచి సన్నగా వెలుతురు.

కాళ్ళు వెనక్కి లాగాయి. కానీ వెనక్కి వెళ్తే రేపు ఉంది. ముందుకు వెళ్తే ఇది ఉంది. అడకత్తెరలో పోకచెక్కలా కాసేపు నిలబడి, చివరికి తలుపు మీద చెయ్యి వేశాడు. చప్పుడు ఆగింది.

తలుపు తెరుచుకుంది...

బల్ల మీద చిన్న దీపం. దాని ముందు వంగి కూర్చున్న ఆకారం. తల మీదుగా ముసుగు. రెండు చేతుల నుంచీ సన్నగా, తెల్లగా, పొడుగ్గా వేలాడుతూ... కాగితపు పేలికలు.

లైబ్రేరియన్ గారికి కేక రాలేదు. వచ్చింది గుసగుస.

"తప్పైపోయింది సార్... మీరు చెప్పారు... నేనే వినలేదు... క్షమించండి సార్..."

ఆకారం ఉలిక్కిపడి లేచింది. కుర్చీ వెనక్కి పడింది. ముసుగు జారింది.

"బావా! నువ్వా?"

బావమరిది! తల మీద దోమలకి కప్పుకున్న తువ్వాలు. చేతుల్లో పేలికలు. బల్ల మీద జిగురు గిన్నె.

"ఒరేయ్! నువ్వేం చేస్తున్నావురా ఇక్కడ?"

"నెమ్మదిగా బావా. వాచ్‌మన్‌కి తప్ప ఎవరికీ తెలీదు." అందుకే కాబోలు వాడికి గేటు మీద అంత ప్రేమ. "కోసేటప్పుడే రాతలు కనిపించాయి. బావ కొయ్యమన్నాడు, మనకెందుకులే అనుకున్నాను. ఆయన పోయాడని తెలిశాక నిద్ర పట్టలేదు. కోసిన ముక్కలు గోతంలోనే ఉన్నాయి, అమ్మలేదు. ఏ ముక్క ఏ పేజీదో చూసి అతికిద్దామని..."

లైబ్రేరియన్ గారు బల్ల కిందున్న గోతంలోకి చూశారు. గడ్డిలా ఉంది. మిషను కత్తి పదేపదే దిగి వెంట్రుకంత సన్నంగా తెగిన కాగితం, ముట్టుకుంటే తునిగిపోతోంది.

"ఎన్ని అతికించావు?"

బావమరిది తల దించుకున్నాడు. "ఒకటి కుదిరిందనుకున్నాను. అదీ తలకిందులుగా అతికింది."

ఎన్నో రోజుల తర్వాత లైబ్రేరియన్ గారి గుండె కాస్త కుదుటపడింది. దెయ్యం లేదు. బావమరిది ఉన్నాడు. రెండిట్లో ఏది నయమో చెప్పలేం గానీ, ఆ పూటకి ఇదే నయమనిపించింది.

"ఊరంతా హడలి చస్తోందిరా నీ పెన్సిలు చప్పుడుకి!"

"పెన్సిలేమిటి బావా? నా దగ్గరున్నది జిగురు, బ్రష్షు."

"మరి ఇందాక బరబరమని రాసిందెవరు?"

బావమరిది మొహం మారింది. "నువ్వు కాదా? నేను రోజూ వింటూనే ఉన్నాను. పైన నీ గదిలో నువ్వు రాసుకుంటున్నావనుకున్నాను..."

దీపం వత్తి చిటపటమంది.

ముందు తేరుకున్నది లైబ్రేరియన్ గారే. రేపటి భయం ముందు ఇది చిన్నదైపోయింది. కూతురి ఫోన్ సంగతి చెప్పారు. ఇద్దరూ కలిసి ఆ నౌక నవల వెతికి బల్ల మీద పెట్టి, పేజీ పేజీ తిప్పారు. కథ మధ్యలో ఒకచోట, పక్క అంచున, పెన్సిలు గీతల తోకలు మాత్రం మిగిలిన పేజీ కనిపించింది. ఆ పుస్తకంలో రాత జాడ మిగిలింది ఆ ఒక్క పేజీలోనే. అక్షరాలు లేవు. మిగిలిన అంచు గోరంత వెడల్పు.

పొడుగు పుస్తకం. బాగా లోపలికే తెగింది.

"చెదలు పట్టాయని చెప్పు బావా," అన్నాడు బావమరిది మెల్లగా. "పాడైన అంచులు కోసేసి, ఉన్నంతవరకు కాపాడామని చెప్పు. చెదలు వచ్చి కాదనవు కదా."

లైబ్రేరియన్ గారు ఆలోచించారు. ఇంత తేలిగ్గా ఉందా? గొంతు సవరించుకుని, ఖాళీ కుర్చీ వైపు తిరిగి, ఒకసారి అప్పజెప్పి చూసుకున్నారు.

"చెదలు పట్టాయమ్మా... మేం చెయ్యగలిగిందంతా..."

బర్.

దగ్గరగా. బల్ల అవతలి నుంచి.

బర్... బర్... బర్...

ఎవరు ముందు పరిగెత్తారో ఇద్దరూ ఇప్పటికీ ఒప్పుకోరు. జిగురు గిన్నె అక్కడే ఉండిపోయింది. లైబ్రేరియన్ గారి చెప్పు ఒకటి కూడా. గేటు దగ్గర వాచ్‌మన్ వాళ్ళని చూసి, ఏమైందని అడక్కుండా గేటు తీశాడు.

పొద్దున్నే కూతురు వచ్చింది. జుట్టు నెరుస్తున్న మనిషి. తండ్రి ముక్కు, తండ్రి నడక. లైబ్రేరియన్ గారు రాత్రంతా కన్ను మూయలేదు. అయినా ఆవిడని మెట్ల కిందికి తీసుకెళ్ళారు. ఎండ కిటికీలోంచి తిన్నగా బల్ల మీద పడుతోంది. నవల రాత్రి వదిలేసిన పేజీ దగ్గరే తెరిచి ఉంది. బల్ల కింద ఒంటి చెప్పు కనిపిస్తే ఆవిడ చూడకుండా కాలితో లోపలికి తోశారు.

"అమ్మా... ఒక మాట ముందే చెప్పాలి. పుస్తకాలకి చెదలు పట్టాయమ్మా. అంచులు బాగా తినేశాయి. పాడైనంతవరకు కోయించి, మిగతాది కాపాడాం. మీ నాన్నగారి రాతలు... దక్కలేదు."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. అయినా ఆయన భుజం తట్టినంత మెత్తగా అంది. "మీరేం చేస్తారండీ పాపం. ఈ మాత్రమైనా కాపాడారు. నాన్న ఎప్పుడూ అనేవాడు, ఆ లైబ్రేరియన్ మంచివాడు, చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు అని."

ఆ మాట అనేకన్నా తిట్టినా బాగుండేది.

ఆవిడ కుర్చీ పక్కన నిలబడే పుస్తకం దగ్గరికి లాక్కుంది. మిగిలిన సన్నటి అంచు మీద వేలు పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా రాసింది. ఒకచోట ఆగింది. వేలు తీసి చూసుకుంది. కొనకి నల్లగా, మెరుస్తూ... పెన్సిలు పొడి.

పేజీ మీదికి వంగి చూసింది. తర్వాత తలెత్తింది.

"మీకు బావమరిది ఉన్నాడా అండీ?"

"ఉ... ఉన్నాడమ్మా. ఏం?"

ఆవిడ పుస్తకాన్ని ఆయన వైపు తిప్పింది.

కత్తి వదిలేసిన ఆ గోరంత జాగాలో, పేజీ పొడుగునా నిలువుగా, చీమతలలంత అక్షరాలు. ఆ చేతిరాత ఆయనకి తెలుసు. ఇల్లంతా చోటున్నవాడు గూట్లో ఇరుక్కున్నట్టు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉన్నాయి.

'చెదలు కాదు. బావమరిది.'

దాని కింద, ఇంకా చిన్నగా...

'అతన్నేమీ అనకండి. కొలత ఇచ్చింది ఈయన.'

ఎక్కడో పైన ఫ్యాను తిరుగుతోంది. లైబ్రేరియన్ గారు బల్ల అంచు పట్టుకున్నారు. నోట్లో చెదలు లేవు, తనిఖీ బృందం లేదు, పద్ధతులు లేవు. ఒక్కటే మిగిలింది.

"అవునమ్మా. కొయ్యమన్నది నేనే."

ఆవిడ వేలి కొననున్న పొడి వైపు చూసుకుంది.

"మీ నాన్నగారు చూస్తానంటే, రానివ్వలేదు. ఆయన పోయారని తెలిసి..." మింగబోయి, కక్కేశాడు. "హమ్మయ్య అనుకున్నానమ్మా."

ఆవిడ అడిగింది. "కొయ్యకముందు ఇక్కడ ఏముందో... మీరు చదివారా?"

"లేదమ్మా. ఒక్క పుస్తకం కూడా తెరవలేదు."

ఆవిడ మొహంలో ఉన్న ఆఖరి ఆశ కూడా ఆరిపోయింది. లైబ్రేరియన్ గారు అది చూడలేక తల వంచుకున్నారు.

బర్...

పట్టపగలు. ఎండలో. ఇద్దరి మధ్యన.

బర్... ఆగింది. మళ్ళీ, తడుముకుంటున్నట్టు, బర్... పేజీ చివరంటా నిండిపోయిన ఆ అంచు దగ్గర, ఇంకా ఎక్కడైనా చోటుందేమోనని వెతుకుతున్నట్టు.

లైబ్రేరియన్ గారు గుమ్మం దాకా వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం కదల్లేదు. భయపడలేదు. కింద పడి ఉన్న కుర్చీ ఎత్తి, దుమ్ము దులిపి, బల్ల ముందుకు లాక్కుని కూర్చుంది. వెనక్కి తిరక్కుండానే అంది.

"కాస్త తెల్లకాగితాలు తెప్పించండి. పెద్దవి." బల్ల మీద పుస్తకం పక్కన చోటు చేసింది. "మీరు వాటి అంచులేమీ సమం చెయ్యకండి."